స్టాండప్ చేసే అమ్మాయి పాత్ర: తాగుడు, ప్రేమ, స్టేజి. ఈ మూడు సీన్లలో తప్పెక్కడ?

వెలుగుపాళి (చర్చ మొదలుపెట్టినవారు)

సినిమా స్క్రిప్టు. ముప్పై రెండేళ్ళ స్టాండప్ కమెడియన్, పదేళ్ళుగా స్టేజి మీద ఉంది. తాగుతుంది. ప్రేమించినవాడు దగ్గరవుతున్న కొద్దీ తనే ఏదో ఒకటి చేసి చెడగొట్టుకుంటుంది. చదివినవాళ్ళు మూడు సీన్లు నమ్మబుద్ధి కావట్లేదంటున్నారు.

ఒకటి: అతను ఇంటి తాళంచెవి టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయిన రాత్రే ఆమె తాగి స్టేజి ఎక్కి, జరిగింది జరిగినట్టు చెప్పేస్తుంది. హాలంతా నవ్వి, ఏడ్చి, లేచి నిలబడి చప్పట్లు కొడుతుంది. రెండు: మర్నాడు సీసాలన్నీ సింకులో ఒంపేసి నాలుగు రోజుల్లో మామూలు మనిషవుతుంది. మూడు: అతను వెనక వరుసలో కూర్చుని ఆ జోకు విని క్షమించేస్తాడు.

స్టేజి గురించి, మందు మానడం గురించి, ఇలాంటి బంధాల గురించి వివరంగా తెలిసినవాళ్ళు చెప్పండి. మొహమాటం వద్దు.

మైకుతీగ

ముందు మొదటి సీన్. తాగి స్టేజి ఎక్కితే నాలుక తడబడుతుందని అందరూ రాస్తారు. అంతకన్నా ముందు చెడేది చెవి. నవ్వు లేచి, పైకెళ్ళి, తగ్గడం మొదలైన క్షణంలో తర్వాతి మాట అందుకోవాలి. ముందే అందుకుంటే నవ్వుని తొక్కేసినట్టే, మాట వినబడదేమోనని జనం నోరు కట్టేసుకుంటారు. ఆలస్యమైతే హాలు చల్లబడుతుంది. ఈ తేడా అర సెకను. రెండు మూడు పెగ్గులు పడ్డాక ఆ అర సెకను పోతుంది, పోయిందని ఆమెకి తెలియదు.

ఇంకా ఏం చెడుతుందంటే, సెటప్‌లో, అంటే జోకుకి ముందు కట్టే కథలో, ఒక చిన్న ముక్క చెప్పడం మర్చిపోతుంది, దాంతో పంచ్, అంటే నవ్వించే చివరి మాట, పడినా ఎవరికీ అర్థం కాదు. మైకు మెల్లగా గడ్డం కిందికి జారుతుంది. వాక్యం చివర వినబడదు, పంచ్ ఉండేదేమో వాక్యం చివరే. ఇక ఒక్క నిమిషమే ఉందని హాలు వెనక నుంచి లైటు వేస్తారు, అది ఆమె చూడదు. ఏడు నిమిషాల స్లాటులో పదకొండు నిమిషాలు నిలబడిపోతుంది. అంటే తర్వాతి మనిషి సమయం తినేసింది. రెండు మూడుసార్లు ఇలా జరిగితే ఎవరూ గొడవ పడరు, పిలవడం మానేస్తారంతే. ఆమె పతనం చూపించాలంటే సీసా పగలగొట్టక్కర్లేదు. ఫోను మోగకపోతే చాలు.

రెండో సంగతి, అదే రాత్రి గాయం చెబితే నవ్వు రాదు. పీటర్ మెక్‌గ్రా, కేలెబ్ వారెన్ అనే పరిశోధకులు 2010లో ప్రతిపాదించిన సిద్ధాంతం ఇక్కడ బాగా పనికొస్తుంది: నవ్వు రావాలంటే విన్నది ఏదో హద్దు దాటినట్టూ అనిపించాలి, పర్వాలేదు అన్నట్టూ అనిపించాలి. ఆ రాత్రి ఆమెలో మొదటిదే ఉంటుంది, రెండోది ఉండదు. జనం నవ్వడం మానేసి ఆమె గురించి కంగారు పడతారు. ఆ సెట్, అంటే ఆ రాత్రి ఆమె స్టేజి మీద చెప్పేదంతా, పడిపోవాలి. ఒకచోట ఇబ్బందిగా ఒక నవ్వు, ఒక కుర్చీ కిర్రుమనడం, ముందు వరుసలో ఎవరో మెల్లగా "అయ్యో" అనడం. కమెడియన్‌కి "అయ్యో" కన్నా భయంకరమైన శబ్దం లేదు.

గోడగడియారం

అలా తేల్చేయలేమండీ. అమెరికన్ స్టాండప్ కమెడియన్ టిగ్ నొటారో 2012 ఆగస్టు 3న లాస్ ఏంజెలెస్‌లో లార్గో అనే వేదిక మీద, తనకి రొమ్ము క్యాన్సర్ అని తెలిసిన కొద్ది రోజులకే దాని గురించే మాట్లాడింది. ఆ రికార్డింగుకి గ్రామీ నామినేషన్ కూడా వచ్చింది. పచ్చి గాయం పనిచేసిందిగా?

మైకుతీగ

పనిచేసింది, ఎందుకో చూడండి. అప్పటికే ఆమె చాలా ఏళ్ళుగా స్టేజి మీద ఉన్న మనిషి. మొదట్నుంచీ నెమ్మదిగా, ముఖంలో ఏ మార్పూ లేకుండా మాట్లాడే శైలి. విషయం పచ్చిదే, పట్టు మాత్రం పాతది. వెలుగుపాళి గారి పాత్ర తాగి ఉంది, పట్టే పోయింది. రెండింటికీ పోలిక కుదరదు.

ఒక ఉదాహరణగా ఆ తాళంచెవినే తీసుకుందాం. స్క్రిప్టులో మూడు వేర్వేరు రాత్రులకి వాడుకోవచ్చు.

మొదటి రాత్రి: "తాళంచెవి టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ టేబుల్ దగ్గర అన్నం తినబుద్ధి కావట్లేదు." నిశ్శబ్దం. ఇది బాధ. ఇందులో మలుపు లేదు.

నెల తర్వాత: "తాళంచెవి ఇచ్చేసి వెళ్ళాడు. తెలివైనవాడు. నాతో పాటు లోపల ఇరుక్కుపోవడం ఎవడికి కావాలి?" నవ్వొస్తుంది. కానీ బాణం ఆమెకే తగిలింది. రోజూ రాత్రి అదే చోట.

మూడు నెలల తర్వాత: "ఇక రానంటూ తాళంచెవి టేబుల్ మీద పెట్టాడు. చూశాను. రెండేళ్ళ నుంచి మేం వెతుకుతున్న తాళంచెవి అది! నువ్వే పోగొట్టావని రెండేళ్ళు నన్ను తిట్టాడు!" నవ్వు తగ్గుతుండగా ట్యాగ్, అంటే అదే జోకుకి తగిలించే ఇంకో చిన్న మాట: "ఏడవాలో, దొరికిందని కేక వెయ్యాలో తెలియలేదు. రెండూ చేశాను."

మూడోదాంట్లో ఇద్దరూ మనుషులుగా ఉన్నారు. బాధ కూడా అలాగే ఉంది, దాని మీద జనం కాలు పెట్టడానికి ఒక మెట్టు దొరికింది.

వెనకవరుస

ఆ రెండో రకానికి ఒక పేరుంది. మనస్తత్వ పరిశోధకుడు రాడ్ మార్టిన్ బృందం 2003లో హాస్య శైలుల ప్రశ్నావళి తయారుచేసింది, 32 ప్రశ్నలు, నాలుగు శైలులు: నలుగురినీ కలిపేది, తనని తాను నిలబెట్టుకునేది, ఎదుటివాణ్ణి కొట్టేది, తనని తాను కొట్టుకునేది. చివరిదే దిగులుతో, తక్కువ ఆత్మగౌరవంతో ఎక్కువగా ముడిపడి కనిపిస్తుంది. రెండోదీ నాలుగోదీ పైకి ఒకేలా ఉంటాయి, రెండింట్లోనూ మనిషి తన కష్టం మీదే జోకు వేస్తుంది. తేడా ఏమిటంటే ఒకదాంట్లో జోకు ఆమెకి ఊపిరి తీసుకునే చోటు ఇస్తుంది, ఇంకోదాంట్లో ఎదుటివాళ్ళ మెప్పు కోసం తన చర్మం కోసి ఇస్తుంది. నటి చేత చూపించాలంటే నవ్వు వచ్చిన తర్వాతి క్షణం చూడండి. మొదటి రకంలో భుజాలు దిగుతాయి. రెండో రకంలో ఇంకా కావాలన్నట్టు మెడ ముందుకొస్తుంది.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. "బాధ ఉంది కాబట్టే అంత నవ్వించగలుగుతోంది, తగ్గిపోతే కళ పోతుంది" అని స్క్రిప్టులో ఏ పాత్రా అనకూడదని కాదు. అంటే మాత్రం అది తప్పని కథకి తెలియాలి. 2014లో 523 మంది కమెడియన్ల మీద బ్రిటన్ పరిశోధకులు ఒక అధ్యయనం చేశారు. కొన్ని మానసిక లక్షణాల్లో వాళ్ళ మార్కులు మామూలు జనం కన్నా ఎక్కువ వచ్చాయి. పత్రికలు దాన్ని కమెడియన్లంతా జబ్బుమనుషులే అన్నట్టు రాశాయి. ఆ ప్రశ్నావళి కొలిచింది స్వభావాన్ని, జబ్బుని కాదు.

అమెరికన్ కమెడియన్ ఫిలిస్ డిల్లర్‌ని చూడండి. 1955లో, 37 ఏళ్ళ వయసులో మొదలుపెట్టి, తన రూపం మీద, సంసారం మీద జోకులతో దశాబ్దాలు నిలబడింది. స్టేజి మీద ఆమె తిట్టిపోసిన "ఫ్యాంగ్" అనే భర్త కల్పిత పాత్ర. విగ్గు, సంచిలాంటి గౌను, అన్నీ ఆలోచించి వేసుకున్న వేషం. ఆమె జోకులు రాసుకున్న 50 వేలకి పైగా కార్డులు ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉన్నాయి. ఇంత పని వెనక ఉన్నది క్రమశిక్షణ. తాగి స్టేజి ఎక్కి ఉన్నదంతా కక్కేస్తే కళ అయిపోదు.

నిదానం

రెండో సీన్ దయచేసి మార్చండి. ఇది చూసి ఎవరైనా ఇంట్లో ప్రయత్నిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

ఏళ్ళ తరబడి రోజూ గట్టిగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే, చివరి గుక్క తర్వాత 6 నుంచి 8 గంటల్లో చేతులు వణకడం, చెమట, వాంతి, గుండెదడ మొదలవుతాయి. 12 నుంచి 24 గంటల మధ్య లేనివి కనబడొచ్చు, వినబడొచ్చు. ఫిట్స్ వచ్చే ప్రమాదం మొదటి రెండు రోజుల్లో ఎక్కువ. అన్నిటికన్నా ప్రమాదమైన డెలీరియం ట్రెమెన్స్ సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజుల మధ్య వస్తుంది: ఎక్కడున్నామో తెలియకపోవడం, జ్వరం, బీపీ పెరిగిపోవడం. చికిత్స అందకపోతే చనిపోవచ్చు. మీరు "మామూలు మనిషవుతుంది" అని రాసిన నాలుగో రోజు దాకా ఆ గండం ఉంటుంది.

ఎందుకంటే, మద్యం మెదడుని ఏళ్ళ తరబడి అణిచి ఉంచుతుంది, మెదడు దానికి తట్టుకోవడానికి తన యాక్సిలరేటర్ ఎప్పుడూ తొక్కే ఉంచుతుంది. మద్యం తీసేస్తే అణిచేది పోయింది, తొక్కడం మాత్రం ఆగలేదు.

సరైన సీన్ ఇది. డాక్టర్ మొదట అడిగేది చివరిసారి ఎప్పుడు తాగావు, ఇంతకు ముందు ఆపినప్పుడు ఫిట్స్ వచ్చాయా అని. క్లోర్‌డయాజిపాక్సైడ్ లాంటి మందు మోతాదు రోజురోజుకీ తగ్గిస్తూ ఇస్తారు. థయమిన్, అంటే బి1 విటమిన్, తప్పకుండా ఇస్తారు, అది లేకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకి దెబ్బ తగలొచ్చు. ఆ వారం గడిచాక అసలు పని మొదలవుతుంది. కోరిక తగ్గడానికి నాల్ట్రెక్సోన్ 50 మిల్లీగ్రాములు రోజుకొకటి ఇవ్వొచ్చు, ముందు లివర్ పరీక్ష చేస్తారు. డైసల్ఫిరామ్ ఇంకో దారి. అది వేసుకుని తాగితే ముఖం కందిపోయి, వాంతులు, దడ, బీపీ పడిపోవడం.

సినిమాల్లో ప్రేమికుడు ఈ మాత్ర అన్నంలో కలిపేసి ఆమెని "బాగుచేసే" సీన్ రాసే ప్రమాదం ఉంది. వద్దు. తెలియకుండా పెడితే ఆమె తాగుతుంది, గుండె ఆగొచ్చు. ఆమెకి తెలిసి, ఆమె ఒప్పుకునే ఇవ్వాలి.

ఇక మళ్ళీ తాగేది ఎప్పుడంటే, ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింటినీ చూసుకోమని మానినవాళ్ళకి చెబుతారు. షో అయ్యాక రాత్రి పదకొండున్నరకి కమెడియన్ పరిస్థితి ఏమిటి? షోకి ముందు ఏమీ తినలేదు. సెట్ సరిగ్గా పోలేదన్న కోపం. రెండు వందల మంది నవ్విన ఐదు నిమిషాలకి ఖాళీ గది. అలసట. నాలుగూ ఒకేసారి, ఎదురుగా బార్ కౌంటర్, ఆమెకి ఉచితం. నాలుగు వాక్యాల సంభాషణ కన్నా ఈ షాట్ ఎక్కువ చెబుతుంది.

వెలుగుపాళి

సింకు సీన్ తీసేశాను. మొదటి సెట్ పడిపోయేలా మారుస్తున్నాను. ఒక సందేహం: ఆ సెట్ అంత ఘోరంగా పోయిందని ఆమెకి ఎలా తెలియాలి? ఎవరైనా చెప్పాలా?

మైకుతీగ

ఎవరూ చెప్పక్కర్లేదు. కమెడియన్లు ప్రతి సెట్టూ ఫోన్లో రికార్డు చేసుకుంటారు. స్టూలు మీద నీళ్ళ గ్లాసు పక్కన ఫోను బోర్లా పెడతారు. మర్నాడు వింటూ కాగితం మీద గుర్తులు పెడతారు: ఏ సెకనులో నవ్వు, చిన్నదా పెద్దదా, ఎంతసేపు. నిమిషానికి నాలుగైదు నవ్వులుంటే సెట్ నిలబడినట్టు.

ఇప్పుడు ఆమె చేత వినిపించండి. మొదటి నిమిషం గుర్తుంది. రెండో నిమిషం గుర్తుంది. నాలుగో నిమిషం దగ్గర పెన్ను ఆగిపోతుంది. ఆ గొంతు తనదే, ఆ మాటలు ఎప్పుడూ రాసుకోలేదు, అన్నట్టు గుర్తు లేదు. ఏడో నిమిషంలో ఎవరో దగ్గితే "నీకూ నేను నచ్చలేదా" అంటుంది. కాగితం మీద గుర్తు పెట్టడానికి ఏమీ లేదు. రికార్డింగు ఇంకా నడుస్తూ ఉంటుంది.

నిదానం

వైద్యపరంగా కూడా ఇది కరెక్టే. రక్తంలో మద్యం వేగంగా పెరిగితే మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం కొత్త జ్ఞాపకాన్ని నమోదు చెయ్యదు. మనిషి స్పృహలోనే ఉంటుంది, మాట్లాడుతుంది, నడుస్తుంది. తర్వాత ఎంత గుర్తు చేసుకున్నా రాదు, అసలు అక్కడ రాసి ఉంటే కదా. ఖాళీ కడుపుతో గబగబా తాగితే ఇలా అవుతుంది. అదే కొలత తాగినా ఆడవాళ్ళ రక్తంలో మద్యం శాతం సాధారణంగా ఎక్కువ చేరుతుంది, ఒంట్లో నీటి పాలు తక్కువ కాబట్టి. పక్కన కూర్చున్న మగ కమెడియన్‌తో సమానంగా గ్లాసులు లెక్కపెట్టుకునే సీన్ ఉంటే ఇది గుర్తుంచుకోండి.

ఇద్దరిమధ్య

మూడో సీన్ గురించి ఎవరూ మాట్లాడలేదు. నా దృష్టిలో అసలు కథ అక్కడే ఉంది.

మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్ దంపతుల గొడవల్ని వీడియో తీసి దశాబ్దాల పాటు చూశాడు. బంధాన్ని చంపేవి నాలుగన్నాడు: మనిషినే తప్పుపట్టడం, చులకన, నా తప్పేం లేదనడం, గోడలా మూసుకుపోవడం. వీటిలో చులకన అన్నిటికన్నా చేటు. వెటకారం దాని ఒక రూపం. అదే గాట్‌మన్ గొడవ మధ్యలో వేసే చిన్న జోకుని బంధాన్ని అతికించే ప్రయత్నాల్లో లెక్కేశాడు. అంటే ఒకే నోటి నుంచి వచ్చే జోకు విషమూ కావచ్చు, మందూ కావచ్చు. ఇద్దరూ కలిసి నవ్వితే మందు. ఒకరి మీద ఇంకొకరు నవ్వితే విషం. ఈ అమ్మాయికి ఆ తేడా స్టేజి మీద క్షుణ్ణంగా తెలుసు, వంటగదిలో తెలియదు. అతను నిజంగా ఏదో అడగబోతాడు, ఆమె నవ్వించేస్తుంది. అతను నవ్వుతాడు. ప్రశ్న పోయింది. ఇలా నూరుసార్లు. ఆమె పాడుచేసుకోవడం అంటే అరుపులూ సీసాలూ కాదు, ఇదే.

ఇక జోకుల్లో అతన్ని వాడుకోవడం. పద్ధతి తెలిసినవాళ్ళు స్టేజి మీద చెప్పకముందే ఆ మనిషికి చదివి వినిపిస్తారు. జనం ముందు వినిపిస్తే అది అడగడం కాదు, అందరూ నవ్వుతుంటే అతను కూడా నవ్వక తప్పదు. మీ సీన్‌లో జరిగింది అదే. అతను క్షమించలేదు, ఇరుక్కుపోయాడు.

ఇంకోటి. జోకు కోసం నిజాన్ని కత్తిరించాలి, తప్పదు. కానీ కత్తిరించి చెప్పగా చెప్పగా ఆ కత్తిరింపే జ్ఞాపకం అయిపోతుంది. బార్బరా ట్వెర్స్‌కీ, ఎలిజబెత్ మార్ష్ అనే పరిశోధకులు 2000లో ఇది పరీక్షించి చూశారు: ఒక సంగతిని ఏదో ఒక వైపు మొగ్గి తిరిగి చెప్పినవాళ్ళకి తర్వాత అసలు సంగతి కూడా అటువైపే మొగ్గి గుర్తొచ్చింది. ఈ అమ్మాయి ఆ తాళంచెవి జోకు రెండు వందల సార్లు చెప్పి ఉంటుంది.

అందుకని మూడో సీన్ హాల్లో వద్దు. ఇంట్లోనో మెట్ల మీదో కూర్చోబెట్టండి. ఆమె కాగితం తీసి చదువుతుంది. అతను మొత్తం వింటాడు, ఒకచోట నవ్వుతాడు కూడా. తర్వాత అంటాడు: "టేబుల్ మీద పెట్టలేదు. నీ చేతిలో పెట్టబోయాను. నువ్వు పిడికిలి తెరవలేదు."

వెలుగుపాళి

ఇద్దరిమధ్య గారూ, ఈ ఒక్క మాటతో స్క్రిప్టు మొదటి పేజీ నుంచీ మారిపోతోంది. ఇన్నాళ్ళూ టేబుల్ మీద పెట్టాడనే నేనూ నమ్మాను.

కత్తెర

బాగుంది కానీ ఒక హెచ్చరిక. అతను తిరిగొచ్చాడు, ఆమె మందు మానేసింది అనే దారిలో మాత్రం వెళ్ళకండి. మానడం అతని మీద ఆధారపడితే, అతను అలిగిన రోజు మళ్ళీ మొదలు. అతని తప్పులు కూడా చూపించండి. రెండేళ్ళు ఏం చేశాడు? ఆమె లేవలేకపోతే నిర్వాహకులకి ఫోన్ చేసి జ్వరమని చెప్పాడు. సీసాలు లెక్కపెట్టాడు. దాచాడు. ఉదయం క్షమాపణ విని సాయంత్రానికి మర్చిపోయాడు. ఇవన్నీ ప్రేమతోనే చేశాడు, వీటివల్లే ఆమెకి తను ఏం పోగొట్టుకుంటోందో తెలియలేదు. తాళంచెవి ఇవ్వడం అతను చేసిన మొదటి సరైన పని.

నిదానం

ఒప్పుకుంటాను. స్క్రిప్టులో ఆత్మహత్య ఆలోచన కూడా ఉంటుందేమో, అడగకపోయినా చెబుతున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సినిమా, రంగస్థలం వాళ్ళ కోసం ప్రత్యేకంగా సూచనలు విడుదల చేసింది. పద్ధతి చూపించకూడదు. అది విడుదలగానో, ప్రతీకారంగానో, ప్రేమకి రుజువుగానో కనిపించకూడదు. దాటి బయటపడిన మనిషిని, సాయం అడిగే తీరుని చూపించాలి.

స్టేజి మీద చావు జోకు వేస్తే ప్రమాదమేనా అంటే, జోకు ఒక్కదాన్ని చూసి చెప్పలేం. జోకు పక్కన ఏం మారిందో చూడాలి. నిద్ర పోయిందా, తాగుడు పెరిగిందా, అప్పులు తీర్చేస్తోందా, ఇష్టమైన వస్తువులు పంచేస్తోందా. కమెడియన్ విషయంలో అది నోటుపుస్తకం. పదేళ్ళుగా ఎవరికీ ముట్టుకోనివ్వని పుస్తకం కొత్త కుర్రాడికిచ్చి "వాడుకో" అంటే, ఆ రాత్రి ఆమెని ఒంటరిగా పంపకూడదు. తోటి కమెడియన్ సూటిగా అడగాలి: "చచ్చిపోవాలనుకుంటున్నావా?" అడిగితే లేని ఆలోచన పుట్టదు, పరిశోధనలు అదే చెబుతున్నాయి. జోకుతో దాటేస్తే మళ్ళీ అడగాలి.

తర్వాత కౌన్సెలర్ దగ్గర భద్రతా ప్రణాళిక రాయించే సీన్ పెట్టండి. ఒక్క పేజీ, ఆమె చేతిరాతతో: ముదురుతోందని తెలిపే గుర్తులు, తనంతట తను చెయ్యగలిగేవి, మనసు మళ్ళించే మనుషులూ చోట్లూ, సాయం అడగ్గల ఇద్దరు ముగ్గురి నంబర్లు, డాక్టర్‌దీ హెల్ప్‌లైన్‌దీ నంబర్లు, చివరగా ప్రమాదమైన వస్తువులు ఇంట్లోంచి తీసెయ్యడం. మనసు మళ్ళించే చోటు అన్నదగ్గర ఆమె కామెడీ క్లబ్బు అని రాసి, కొట్టేస్తుంది. అక్కడ బార్ ఉంది.

వెనకవరుస

ఆ కొట్టివేత ఉంచండి. ఎంత తొలగించాల్సొస్తోందో అక్కడ తెలుస్తుంది.

వెలుగుపాళి

చివరి సీన్ ఇలా అనుకుంటున్నాను. ఎనిమిది నెలల తర్వాత. చిన్న హాలు, ఐదు నిమిషాలు, చేతిలో నీళ్ళు. తాళంచెవి జోకే చెబుతుంది, కానీ పిడికిలితో. అతను హాల్లో లేడు. నవ్వు రావాలా వద్దా?

మైకుతీగ

రావాలి, ఎప్పుడూ వచ్చేంత రాకూడదు. పిడికిలి మాట కొత్తది, ఇంకా కుదరలేదు. కొత్త జోకు మొదటి ఐదారుసార్లు అలాగే ఉంటుంది. దాన్ని సెట్ చివర పెట్టకండి, చివరికి బాగా నలిగినది ఉంచుకుంటారు. రెండో స్థానంలోనో మూడో స్థానంలోనో వేయించండి. చెయ్యి వణికితే మైకు స్టాండులోనే ఉంచి మాట్లాడుతుంది, చేతులు ఖాళీగా ఉంటాయి. "తెరవలేదు" అన్నప్పుడు ఆ ఖాళీ చెయ్యి మూసుకుని ఉండాలి. రెండు సెకన్లు ఆగాలి. ఒకామె నవ్వుతుంది, తర్వాత ఇంకో ఇద్దరు. వెనక లైటు వెలుగుతుంది. ఈసారి ఆమె చూస్తుంది.

ఇంటికెళ్ళాక కాగితం మీద 1:50 దగ్గర చిన్న గుర్తు పెడుతుంది. పక్కన "ఇంకా ఒక సెకను ఆగాలి" అని రాస్తుంది.